మంచుకొండల్లో విడిది

విడిది అనగానే తెలుగువారికి పెళ్లివారి కోసం ఏర్పాటు చేసే ఇల్లు స్ఫురిస్తుంది. కెనడా పశ్చిమాన గల బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో విడిది అంటే వేరు. అక్కడి సెల్కిర్క్ పర్వతశ్రేణిలో, రహదారులకు దూరంగా, మంచు నడుమ కొయ్య ఇండ్లు నిలిచి ఉన్నాయి. పాదాలకు పొడవైన సన్నని పలకలు బిగించుకొని మంచువాలులపై జారే క్రీడను స్కీయింగ్ అంటారు. చదును చేసిన బాటలు గాని, పైకి చేర్చే యంత్రాలు గాని లేని కొండల్లో జారదలచినవారు ఆ ఇండ్లలో బస చేస్తారు. పలకల అడుగున నూగుపట్టీలు అంటించుకొని వాలును తామే ఎక్కుతారు. పూర్వం వాటిని సీలు తోలుతో చేసేవారు. గంటల కొలది ఎక్కి, నిమిషాలలో దిగే ఈ క్రీడలో సుఖం కన్నా శ్రమయే అధికం.

ఆ శ్రమకు ఫలం పొడిమంచు. పసిఫిక్ మహాసముద్రం మీది నుండి వచ్చే తేమగాలులు తీరప్రాంత పర్వతాలపై బరువైన తడిమంచును కురిపిస్తాయి. అవి సెల్కిర్క్ శ్రేణిని చేరేసరికి చలి పెరిగి, మంచు తేలికై ఏకిన దూదివలె రాలుతుంది. అక్కడి రోజర్స్ కనుమలో ఏటా సగటున సుమారు 10 మీటర్ల మంచు పడుతుంది. దీనికి మరొక ముఖం కూడా ఉన్నది. 1910 మార్చి 4న ఆ కనుమలో రైలుపట్టాలపై పడిన మంచును తొలగిస్తున్న కార్మికులపై ఎదుటి కొండ నుండి మరొక హిమపాతం విరుచుకుపడి దాదాపు 60 మందిని బలిగొన్నది. 1916లో రైలుమార్గాన్ని సొరంగంలోకి మార్చారు.

కనుక విడిదిని ఎంచుకొనేవారు మొదట చూడవలసినది గదుల సొగసు కాదు, చుట్టూ ఉన్న నేల. తుపాను వేళ హిమానీనదాలపై నింగికి, నేలకు భేదం తెలియదు. అట్టి దినాలలో కంటికి ఆనవాలు చూపేవి చెట్లే. అందువల్ల అడవి అంతమయ్యే ఎత్తులో ఉండి, క్రింద వృక్షాలు, పైన తెరపివాలులు గల విడిది మేలు. అయితే చెట్లున్నంత మాత్రాన ప్రమాదం లేదనుకొనరాదు. సాధారణంగా హిమపాతాలు 30 నుండి 45 డిగ్రీల వాలులో బయలుదేరుతాయి. జారడానికి ఇంపైన వాలు కూడా అదే కావడం ఇందలి చిక్కు.

పెక్కు విడిదులకు హెలికాప్టరే దారి. మబ్బు క్రమ్మితే అది ఎగరదు. తిరుగు ప్రయాణానికి ఒకటి రెండు దినాల వ్యవధి ఉంచుకోనివారు చిక్కుల్లో పడతారు. కెనడా ఆల్పైన్ క్లబ్బు వారి అసల్కన్ కుటీరం వంటి వాటికి రహదారి నుండి నడిచే చేరాలి. వంట తామే చేసుకోవాలా, వంటవారు ఉంటారా అన్నది ఖర్చును బట్టి తేలే విషయం.

మార్గదర్శి విషయం అట్లా తేలేది కాదు. 2003 జనవరి 20న సెల్కిర్క్ శ్రేణిలో ఒక విడిది నుండి మార్గదర్శులతో బయలుదేరిన బృందంలో ఏడుగురు హిమపాతంలో మరణించారు. నవంబరులో ఏర్పడిన బలహీనపు పొర రెండు నెలల పాటు క్రొత్త మంచు క్రింద దాగి ఉండడమే అందుకు కారణం. పన్నెండు రోజులకే, ఫిబ్రవరి 1న, రోజర్స్ కనుమ సమీపంలో పదవ తరగతి విద్యార్థులు ఏడుగురు అట్లే మృతిచెందారు. పైవాలులో ఉన్న ఇద్దరు మార్గదర్శులు కేక వేసి హెచ్చరించినా తప్పించుకొనే వ్యవధి లేకపోయింది. ఆ ఇద్దరే ముందుగా దిగి వచ్చి, కూరుకుపోయినవారిని త్రవ్వి తీశారు. ఆ దుర్ఘటనల అనంతరం కెనడాలో కొండదారులను హిమపాత భయాన్ని బట్టి సులభం, కఠినం, సంక్లిష్టం అని మూడు తరగతులుగా విభజించారు. విడిది చుట్టూ ఉన్న దారులు ఏ తరగతివో ముందే అడిగి తెలుసుకోవచ్చు.

మంచులో కప్పబడినవారిని పది పదిహేను నిమిషాలలో వెలికితీయకుంటే బ్రతుకు మీద ఆశ వేగంగా సన్నగిల్లుతుంది. బయటి సహాయం అంతలో అందదు. కనుక ప్రతివారూ సంకేతాలు పంపే పరికరం, మంచులో గ్రుచ్చి వెదికే పొడవైన కడ్డీ, పార వెంట ఉంచుకోవాలి. మంచి విడిదిలో మొదటి ఉదయం వీటి అభ్యాసంతోనే గడుస్తుంది. తుపాను వెలిసి, ఎండ కాసి, కొండంతా తెల్లగా పిలుస్తున్న నాడు సైతం ‘నేడు పై వాలుకు వెళ్లరాదు’ అని అతిథులతో చెప్పగల మార్గదర్శి అక్కడ ఉన్నాడో లేడో పూర్వం బస చేసినవారిని అడిగితే తెలుస్తుంది.