మరకైబో సరస్సు దగ్గర మిగిలిన ప్రశ్న

పోయిన సెమిస్టర్ సెమినార్‌కి నేను తీసుకున్న టాపిక్ ఒక వంతెన. వెనిజులాలో మరకైబో సరస్సు మీద ఉన్న జనరల్ రఫాయెల్ ఉర్దనేటా వంతెన. పొడవు ఎనిమిదిన్నర కిలోమీటర్ల పైమాటే. ఇటలీ ఇంజనీరు రికార్డో మొరాండీ డిజైన్ చేశారు. 1962లో ప్రారంభమైంది. రెండేళ్లకే, 1964లో, ఒక చమురు నౌక అదుపు తప్పి స్తంభాలను గుద్దింది. వంతెన కొంత కూలి ఏడుగురు చనిపోయారు.

స్లైడ్లు అక్కడితో అయిపోయాయి. నాకు మాత్రం ఒక డౌట్ మిగిలింది. సరస్సులోకి అంత పెద్ద నౌక ఎలా వచ్చింది?

పడమటి ఒడ్డున ఉన్న మరకైబో ఒకప్పుడు ఆండీస్ కొండల కాఫీని ఎగుమతి చేసే రేవు. 1914లో సరస్సుకు తూర్పున సుమాకే-1 బావిలో చమురు పడింది. 1922 డిసెంబరులో కబీమాస్ దగ్గర బర్రోసో-2 బావి పేలి, రోజుకు సుమారు లక్ష పీపాల చొప్పున తొమ్మిది రోజులు చిమ్మింది. ఆ తర్వాత ఊరి రాతే మారిపోయింది. సరస్సు ముఖద్వారంలో ఇసుక మేట ఉండేది కాబట్టి మొదట్లో తక్కువ లోతులో తేలే చిన్న ట్యాంకర్లే తిరిగేవి. 1950లలో ఆ మేట తవ్వి లోతైన కాలువ చేశారు. పెద్ద నౌకలు వచ్చాయి. వాటితోపాటు సముద్రపు ఉప్పునీరూ ఎక్కువగా వచ్చింది.

అసలు పాఠం తూర్పు ఒడ్డున, లగునియాస్ దగ్గర ఉంది. సాయిల్ మెకానిక్స్‌లో మనం చదివిందే: పై బరువును కొంత ఇసుక రేణువులు మోస్తాయి, కొంత వాటి మధ్య ఉన్న ద్రవం ఒత్తిడి మోస్తుంది. చమురు తోడేకొద్దీ ఆ ఒత్తిడి తగ్గి, భారమంతా రేణువుల మీద పడుతుంది. అక్కడి ఇసుక పొరలు గట్టిపడనివి. దాంతో అవి నలిగి దగ్గరపడ్డాయి, పైనున్న నేల మీటర్ల లెక్కన కుంగింది. ఇప్పుడు అక్కడ జనం సరస్సు నీటిమట్టం కంటే కింద, కరకట్ట చాటున బతుకుతున్నారు. ఎప్పుడైనా అక్కడికి వెళ్తే నేను ముందు చూసేది వంతెన కాదు, ఆ కరకట్టనే.

మాది కోనసీమ. గ్యాస్ తీయడం వల్ల నేల కుంగి పొలాల్లో నీళ్లు నిలుస్తున్నాయా అని మా వైపు రైతులు అడుగుతూనే ఉంటారు. చిన్నప్పుడు తాతయ్య నోట విని నవ్వేసేవాణ్ణి. అక్కడి పొరలు వేరు, ఇక్కడివి వేరు. మరకైబోలో జరిగింది కాబట్టి ఇక్కడా జరిగిందని చెప్పలేం. అయితే అది నవ్వేసే ప్రశ్న కాదని మాత్రం ఇప్పుడు తెలిసింది. దానికి జవాబు కొలతల్లోనే ఉంటుంది. తవ్వకానికి ముందే బెంచ్‌మార్క్ రాయి పాతి, ఏటా లెవెల్స్ తీసి, ఆ అంకెలు ఊళ్లోవాళ్లకు చూపించాలి.

రేపు మనలో కొందరికి ఆ ఉద్యోగాలే వస్తాయి. అప్పుడు ఎవరో ఒక తాతయ్య మనల్నే అడుగుతారు.