ట్యాంక్ ఫుల్ చేయిస్తే కారు పేలుతుందా?

ప్రశ్న: ఎండాకాలం కారుల నిండా పెట్రోల్ పోయిస్తే పేలుతదని, సగమే పోయించుకోవాలని వాట్సాప్‌ల వచ్చింది. నిజమేనా సార్? - ఓ పాఠకుడు, బల్మూర్

జవాబు: కాదండీ. పెట్రోలు తనంతట తాను అంటుకోవాలంటే దాదాపు 250 డిగ్రీలు దాటాలి. బల్మూర్ ఎండకు అంత సత్తా లేదు! నిప్పురవ్వ తగిలినా, గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటేనే మంట. ట్యాంకు లోపల ఆవిరి మామూలుగా అంతకన్నా చిక్కగా ఉంటుంది. పెట్రోలు వ్యాకోచిస్తుంది, నిజమే. 40 లీటర్లు 20 డిగ్రీలు వేడెక్కితే ముప్పావు లీటరు పెరుగుతుంది. దానికి తయారీదారులు ముందే ఖాళీ వదులుతారు. గన్ను దానంతటదే ఆగాక మాత్రం ఇంకో చుక్క పోయించకండి. కంపెనీ చెప్పిన మేరకు ఏ కాలంలోనైనా నింపుకోవచ్చని 2022లో ఇండియన్ ఆయిల్ సంస్థే చెప్పింది.

2003లో డిస్కవరీ చానల్‌లో మొదలైన ‘మిత్‌బస్టర్స్’ వాళ్లు పెట్రోలు ట్యాంకును మామూలు తూటాలతో కాల్చి చూశారు. చిల్లులు పడ్డాయి, పేలలేదు. సినిమా ఫైటు మాస్టర్లకు చేదువార్తే.

అసలు ట్యాంకుకు పేలుడు కన్నా శూన్యంతోనే పేచీ. ఇంధనం తగ్గేకొద్దీ లోపలికి గాలి రాకపోతే బయటి గాలి ఒత్తిడికి డబ్బా సొట్ట పోతుంది. అందుకే గాలి పీల్చే కవాటం పెడతారు. మూత తీసినప్పుడు మీకు వినపడే ‘సుయ్’ అనే చప్పుడు ఈ ఒత్తిడి తేడాదే.