వంటనూనెలు – పెద్దప్రేగు క్యాన్సరు: సూళ్లూరుపేట ప్రాంత ఆహారంపై ఒక పరిశీలన

సూళ్లూరుపేట పరిసరాలలో కాళంగి నది నీటితోను, చెరువుల కింద వరి పండుతుంది. తూర్పున ఉన్న పులికాట్ సరస్సు నుండి చేపలు, రొయ్యలు, పీతలు అంగడికి చేరుతాయి. 2022 ఏప్రిల్‌లో ఈ ప్రాంతం నెల్లూరు జిల్లా నుండి తిరుపతి జిల్లాలోకి మారినా ఇంటి భోజనం మాత్రం పాతదే. బాగా పాలిష్ పట్టిన బియ్యపు అన్నం, చేపల పులుసు, తాలింపుకు వేరుశనగ నూనె లేదా పామోలిన్. నూనె ఎక్కువైతే పేగులకు క్యాన్సరు వస్తుందన్న మాట వినిపించినప్పుడు వేరుశనగ పండించే జిల్లాలో పనిచేసే విస్తరణ శాస్త్రవేత్త ఏమని సమాధానం చెప్పాలి? ఆ మాట నిజమైతే రైతు పంటపైనే అనుమానం కలుగుతుంది. నిజం కాకపోతే, అసలు జాగ్రత్త పడవలసిన విషయం మరుగున పడుతుంది.

ఈ అనుమానానికి శాస్త్రీయమైన పునాది లేకపోలేదు. కొవ్వు జీర్ణం కావడానికి కాలేయం పిత్తరసాన్ని విడుదల చేస్తుంది. అందులోని పిత్తామ్లాలలో సుమారు 95 శాతం చిన్నప్రేగు చివరి భాగంలో తిరిగి రక్తంలోకి చేరగా, మిగిలినవి పెద్దప్రేగులోకి జారుతాయి. అక్కడి సూక్ష్మజీవులు వాటిని డీఆక్సీకోలిక్ ఆమ్లం వంటి ద్వితీయ పిత్తామ్లాలుగా మారుస్తాయి. ఇవి ప్రేగు లోపలి పొరను ఒరిపిడికి గురిచేసి కణ విభజనను వేగవంతం చేస్తాయి. కొవ్వు ఎక్కువ తిన్నకొద్దీ పిత్తరసం ఎక్కువగా స్రవిస్తుంది కనుక కొవ్వే కారణమన్న సిద్ధాంతం కొన్ని దశాబ్దాలు బలంగా నిలిచింది. 1990లో అమెరికా నర్సులపై వెలువడిన అధ్యయనం దీనికి ఊతమిచ్చింది. సుమారు 88 వేల మంది స్త్రీలను ఆరేళ్లు పరిశీలించగా, జంతు సంబంధమైన కొవ్వును అత్యధికంగా తిన్న వర్గంలో, అత్యల్పంగా తిన్న వర్గంతో పోలిస్తే, పెద్దప్రేగు క్యాన్సరు ముప్పు దాదాపు రెండింతలు కనిపించింది. అయితే అదే అధ్యయనంలో వృక్ష సంబంధమైన కొవ్వుకు అటువంటి సంబంధం కనిపించలేదు. ఈ రెండో ఫలితం ప్రచారంలోకి రాలేదు.

సిద్ధాంతాన్ని నేరుగా పరీక్షించిన ఫలితం 2006లో వచ్చింది. అమెరికాలోనే రుతుక్రమం ఆగిన 48,835 మంది స్త్రీలలో ఒక వర్గానికి కొవ్వు తగ్గించి, కూరగాయలు, పండ్లు, ధాన్యాలు పెంచమని శిక్షణ ఇచ్చి, సగటున ఎనిమిదేళ్లు గమనించారు. పెద్దప్రేగు క్యాన్సరు తగ్గలేదు. ఈ వ్యాధి ముదరడానికి పట్టే కాలంతో పోలిస్తే ఎనిమిదేళ్లు తక్కువే అన్న అభ్యంతరం సమంజసమే. అయినప్పటికీ, మొత్తం కొవ్వును తగ్గించినంత మాత్రాన రక్షణ కలుగుతుందని చెప్పడానికి ఆ తరువాత ఎవరికీ ఆధారం మిగలలేదు.

కొవ్వుకు తోడుగా వచ్చేవి

మరి ముప్పు ఎక్కడిది? 2015లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సరు కారకంగాను, మేక, గొర్రె, పశు, పంది మాంసాలను బహుశా కారకాలుగాను వర్గీకరించింది. రోజుకు 50 గ్రాముల ప్రాసెస్ చేసిన మాంసం తింటే ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందని అంచనా. మాంసంలోని ఎరుపు రంగుకు మూలమైన హీమ్ ఇనుము, నిల్వకు కలిపే నైట్రైట్‌ల నుండి ఏర్పడే నైట్రోసో సమ్మేళనాలు ఇందుకు కారణాలుగా భావిస్తున్నారు. పులికాట్ చేప ఈ వర్గంలోనిది కాదు.

అదే సంవత్సరం ప్రచురితమైన మరో చిన్న ప్రయోగం విద్యార్థులు తప్పక తెలుసుకోదగినది. అమెరికాలోని ఆఫ్రికన్ సంతతివారు 20 మంది, దక్షిణ ఆఫ్రికా పల్లెవాసులు 20 మంది రెండు వారాలపాటు ఆహారాన్ని పరస్పరం మార్చుకున్నారు. పల్లెవాసుల ఆహారంలో కొవ్వు పెరిగి, పీచు బాగా తగ్గింది. అమెరికా వారికి ఇది తారుమారైంది. పీచు పెరిగిన వారిలో ద్వితీయ పిత్తామ్లాలు తగ్గి, ప్రేగు కణాలకు ఆహారమైన బ్యుటిరేట్ పెరిగింది. రెండో వర్గంలో దీనికి వ్యతిరేకంగా జరిగింది. రెండు వారాలలో క్యాన్సరు వచ్చిందో తగ్గిందో తెలియదు, తెలిసినది ప్రేగులోని వాతావరణం మాత్రమే. పైగా కొవ్వు, పీచు ఒకేసారి మారినందున ఏది ఎంత పనిచేసిందో విడదీయలేము. కంచంలో కూడా అవి విడివిడిగా ఉండవు.

ఈ దృష్టితో చూస్తే సూళ్లూరుపేట కంచంలో లోటు నూనెలో కన్న అన్నంలోనే ఎక్కువగా ఉన్నది. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 2.8 గ్రాములు, దంపుడు బియ్యంలో 4.4 గ్రాములు, రాగులలో 11 గ్రాములకు పైగా ఉంటుంది. చిత్తూరు జిల్లా పడమటి మండలాల రాగి సంగటి ఈ కోస్తా మండలాలకు దూరపు వంటకమేమీ కాదు. వారానికి రెండు మూడు పూటలు సంగటి, కందిపప్పు, ఆకుకూర చేరితే పీచు గణనీయంగా పెరుగుతుంది.

నూనె విషయంలో చెప్పవలసినది

ఏ నూనె అయినా గ్రాముకు 9 కిలోకాలరీలు ఇస్తుంది. స్థూలకాయం పెద్దప్రేగు క్యాన్సరుకు నిర్ధారితమైన కారణం కనుక నూనె పరిమాణానికి ప్రాధాన్యం ఉన్నది. 2,000 కిలోకాలరీల ఆహారానికి జాతీయ పోషకాహార సంస్థ సూచించిన నూనె సుమారు 27 గ్రాములు. ఈ లెక్కన నలుగురు పెద్దవారున్న ఇంటికి నెలకు దాదాపు మూడున్నర లీటర్లు వస్తుంది. గ్రాములలో చెప్పిన సలహా కన్న నెల సరుకులో ప్యాకెట్ల లెక్కగా చెప్పినది గృహిణికి సులభంగా పట్టుబడుతుంది.

వేరుశనగ నూనెలో ఒలీయిక్ ఆమ్లం సాధారణంగా 45–50 శాతం ఉంటుంది. పామోలిన్‌లో సంతృప్త ఆమ్లాలు దీనికన్న చాలా ఎక్కువ. 2020లో విడుదలైన గిర్నార్–4, గిర్నార్–5 రకాలలో ఒలీయిక్ ఆమ్లం 80 శాతం దరిదాపుల్లో ఉంటుంది. వీటి నూనె త్వరగా కనరెక్కదు, గుండెకు కూడా మేలైనదే. అయితే ఇవి పేగు క్యాన్సరును నివారిస్తాయని రైతు సమావేశాలలో చెప్పడం తగదు. అందుకు ఆధారం లేదు. పంటకు మంచి ధర రాబట్టాలన్న ఉత్సాహంలో ఈ గీత దాటడం సులభం.

ఆహారంపై ఎంత చర్చించినా, మలంలో రక్తం పడితే మొలలని భావించి నెలల తరబడి నాటు మందు వాడే అలవాటు పల్లెలలో ప్రాణాలు తీస్తున్నది. రక్తం పడటం, కొన్ని వారాలుగా మలవిసర్జన తీరు మారడం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పరీక్ష అవసరం. తిరుపతిలో స్విమ్స్‌లోను, శ్రీ వేంకటేశ్వర క్యాన్సరు సంస్థలోను వైద్య సదుపాయం ఉన్నది. సూళ్లూరుపేట రైతు శిక్షణలలో వంటనూనె ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ ఈ లక్షణాలను కూడా చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు.