పాత ఇంజను పడవ కొనబోయే ముందు: మెట్టవాడి పాఠం

మా జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాన్ని కృష్ణా జిల్లా మెట్ట అంటారు. 2022 ఏప్రిల్లో ఎన్టీఆర్ జిల్లాలోకి మారినా మెట్ట మెట్టే. పత్తి, మిరప, సున్నపురాయి, సిమెంటు ఫ్యాక్టరీలు మా గుర్తులు. అలాంటి ఊరివాడు పడవల మీద వ్యాసం వ్రాయడమేమిటని పాఠకులు నవ్వుకోవచ్చు. కాని మా మెట్టకి దక్షిణపు గట్టు కృష్ణానదే గదా! వేదాద్రి, ముక్త్యాల, గుడిమెట్ల మా రేవులు. ముక్త్యాల నుంచి అవతల మాదిపాడుకి బల్లకట్టు మీద దాటడం మావాళ్ళకి పాత అలవాటు. పైగా మా ఇళ్ళ పక్కనుంచి పోయే 65వ నంబరు జాతీయ రహదారి తిన్నగా పోయి మచిలీపట్నంలో ఆగుతుంది. అంటే గిలకలదిండి చేపల హార్బరుకీ మాకూ ఒకటే రోడ్డు!

నేను కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. మా బావ, అతని స్నేహితులు ముగ్గురు కలిసి పాత ఇంజను పడవ ఒకటి కొనాలనుకుని నన్ను తోడు రమ్మన్నారు. నలుగురి ఇళ్ళల్లోనూ పుస్తెలు తప్ప మిగతా బంగారం బ్యాంకులో పెట్టారు. "ఏంది బావా, పిల్లలకి ఆర్కిమెడీస్ సూత్రం చెప్తావుగా, మాకు పనికొచ్చేది ఒక్కటన్నా చెప్పు" అన్నాడు మా బావ. ఆ మాటే ఈ వ్యాసానికి మూలం. అమెరికాలో శనాదివారాలు సరదాకి గాలం వేసేందుకు ఇలాంటి పాత పడవలు బేరమాడి కొంటారు. మన దగ్గర పడవ సరదా కాదు, అన్నం. అంచేత పరీక్ష మరింత గట్టిగా ఉండాలి.

మొదట నీరు, తర్వాత పడవ

ఇంజను పడవలు ముఖ్యంగా రెండు రకాలు. ఇంజను వెనక చెక్కకి బయట తగిలించేది ఒకటి, పడవ కడుపులో బిగించేది రెండోది. రెండోదాంట్లో ఇంజను నుంచి గేరుబాక్సు, అక్కణ్ణుంచి షాఫ్టు, షాఫ్టు చివర నీళ్ళలో ఫ్యాను, దాని వెనక చుక్కాని వరసగా ఉంటాయి. బయటి ఇంజనుని రాయి తగలబోతే పైకి ఎత్తుకోవచ్చు. లోపలి ఇంజను పడవకి ఆ వీలు లేదు. దాని ఫ్యాను ఎప్పుడూ పడవ అడుగునే ఉంటుంది.

మా కృష్ణలో అడుగున రాతి బండలు. పైన పులిచింతల ప్రాజెక్టు ఉంది, డాక్టర్ కె.ఎల్. రావు సాగర్ అని పేరు, 45.77 టి.ఎం.సి.ల నిలవ. దాని కింద నది తలుపులు తెరిచినప్పుడు ఒకలాగ, మూసినప్పుడు ఒకలాగ ఉంటుంది. 2021 ఆగస్టు 5న దాని 16వ నంబరు గేటు కొట్టుకుపోయినప్పుడు దిగువ ఊళ్ళన్నీ చూశాయి, నీరు ఎంత తొందరగా మనసు మార్చుకుంటుందో! ఎండాకాలం మోకాటిలోతు, వానాకాలం వరద ఉండే చోట లోపలి ఇంజను పడవ తగదు. మా రేవులకి పుట్టి, తెప్ప, తేలికపాటి ఫైబరు పడవే మేలు. ఈ మాట చెప్పగానే మావాళ్ళు కాసేపు మొహాలు చూసుకున్నారు. వాళ్ళలో ఒకాయనకి బందరులో అత్తవారి తరఫు జనం వేటలో ఉన్నారు కాబట్టి పడవని సముద్రం మీదే నడిపించాలని తేల్చుకున్నారు. బేరానికి ముందే ఈ నిర్ణయం కావాలి.

ఇక్కడ ఆర్కిమెడీస్ గారిని ఒకసారి తలుచుకోవాలి. సముద్రపు నీటి సాంద్రత సుమారు 1.025, మంచినీటిది 1. బందరు పడవని లారీ మీద తెచ్చి కృష్ణలో దింపితే అదే బరువుకి రెండున్నర శాతం ఎక్కువ నీటిని పక్కకి నెట్టాలి. అంటే కొంచెం ఎక్కువ మునుగుతుంది. సముద్రంలో గీసిన బరువు గీతని నదిలో నమ్మకూడదు.

ఎప్పుడు చూడాలి?

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ ఏర్పాటు. అప్పుడే పడవల్ని ఒడ్డుకి లాగి చెక్కపని, ఇంజను పని చేయించుకుంటారు. కొనేవాడికి ఇదే మంచి అదను, ఎందుకంటే పడవ అడుగు కంటికి కనిపిస్తుంది. నీళ్ళమీదున్న పడవని చూచి కొనడం ముసుగులో ఉన్న పెళ్ళికూతుర్ని చూచి తాంబూలాలు పుచ్చుకోవడం లాంటిది. అయితే ఒడ్డున చూస్తే చాలదు. తర్వాత నీళ్ళలోకి దింపి కూడా చూడాలి. రెండు పరీక్షలూ అయ్యేదాకా బయానా ఇవ్వరాదు.

అడుగు పరీక్ష

చెక్క పడవకి ఇద్దరు శత్రువులు. ఉప్పునీటిలో చెక్క తొలిచే పురుగు, మంచినీటిలో కుళ్ళు. పురుగు బయట గుండుసూదంత బెజ్జం పెట్టి లోపల వేలెడంత సొరంగాలు తొలుస్తుంది. కుళ్ళు సముద్రపు నీటివల్ల కాదు, పైనుంచి కారి మూలల్లో నిలిచే వాననీటి వల్ల వస్తుంది. అంచేత అడుగు ఎంత ముఖ్యమో పై బల్లల కింది మూలలూ అంతే ముఖ్యం. చిన్న సుత్తితో పలక పలకా తట్టుకుంటూ పోవాలి. మంచి చెక్క ఖంగుమంటుంది, కుళ్ళింది బొద్దుగా పలుకుతుంది. అనుమానమున్న చోట యజమాని అనుమతితో సన్న దబ్బనం గుచ్చాలి.

చెక్కమీద ఫైబరు తొడుగు వేసిన పడవల్తో మరీ జాగ్రత్త. తొడుగు కింద చెక్క కుళ్ళినా పైకి నున్నగానే ఉంటుంది. పూర్తి ఫైబరు పడవైతే బొబ్బలు, ఇంజను దిమ్మ దగ్గర పగుళ్ళు చూడాలి. కొత్త రంగు వేసిన పడవని రెండింతలు అనుమానంతో చూడాలి. ఒక ముసలి సరంగు మాతో అన్నాడు: "పడవ అబద్ధం సెప్పదు బాబూ, రంగే సెప్తాది."

జింకు దిమ్మ చెప్పే సాక్ష్యం

రసాయనశాస్త్రం చదివే విద్యార్థులకి ఈ ముక్క బాగుంటుంది. ఉప్పునీటిలో ఇత్తడి ఫ్యాను, ఉక్కు షాఫ్టు ఒకదానికొకటి తగిలి ఉంటే అది బ్యాటరీయే. ప్రమాణ పొటెన్షియల్ జింకుకి మైనస్ 0.76, ఇనుముకి మైనస్ 0.44, రాగికి ప్లస్ 0.34 వోల్టులు. కాబట్టి అడుగున ఒక జింకు దిమ్మ బిగిస్తే మిగతావాటికి బదులుగా అదే కరుగుతుంది. సగం తిన్న దిమ్మ కనిపిస్తే సంతోషించండి, అది తన పని చేస్తోందన్నమాట. నెలల తరబడి నీళ్ళలో ఉన్న పడవకి కొత్తదానిలా మెరిసే దిమ్మ ఉంటే దానికి రంగు పూశారేమో, లేక తగలవలసిన చోట తగలడం లేదేమో అడగాలి. ఫ్యాను అంచుని గీకి చూస్తే పసుపు బదులు ఎర్రగా ఉంటే ఇత్తడిలోంచి జింకు వెళ్ళిపోయి రాగి మిగిలిందని అర్థం. అది పెళుసు, ఎప్పుడో ఒకప్పుడు విరుగుతుంది.

ఇంజను పరీక్ష

మొదటి సూత్రం: ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడాలి. మేము చూసిన మొదటి పడవ పెళ్ళిపందిరిలా ఉంది. రంగులు, అద్దాలు, పూలదండ. యజమాని మర్యాదగా టీ తెప్పించాడు. నేను లోపలికి దిగి ఇంజను మీద చెయ్యి పెడితే కాలింది. మేము రాకముందే దాన్ని వేడెక్కించారన్నమాట. "రేపు తెల్లారుజామున వస్తాం, అందాకా ముట్టుకోవద్దు" అన్నాం. "రేపు వేరే పార్టీ డబ్బు పట్టుకొస్తోంది" అన్నాడాయన. నమస్కారం పెట్టి వచ్చేశాం. మా బావకి ఆ పడవ మీద మనసు పడింది గాని, నలుగురి బంగారం గుర్తుచేస్తే మెదలకుండా బస్సెక్కాడు.

చల్లటి డీజిలు ఇంజను పెద్దగా సతాయించకుండా అందుకోవాలి. ఆ తర్వాత పొగ చూడండి. లోడు మీద కూడా నల్లపొగ ఆగకపోతే గాలి చాలకో, నాజిలు చెడో డీజిలు సరిగా మండడం లేదు. నీలిపొగ అయితే ఇంజనాయిలు మండుతోంది, రింగులు అరిగాయి. వేడెక్కాక కూడా తెల్లపొగ వస్తుంటే సిలిండర్లోకి నీరు దిగుతోందేమోనని చూడాలి. ఆయిలు పుల్ల తీసి చూస్తే మజ్జిగలా ఉంటే నీరు కలిసింది. గేరుబాక్సు ఆయిలుకీ అదే పరీక్ష. ఇంజను తిరుగుతుండగా ఆయిలు పోసే మూత తీస్తే గుప్పుగుప్పుమని పొగ కొడితే కంప్రెషన్ పోయింది.

చాలా పడవల్లో ఉండేది పడవకి మార్చిన లారీ ఇంజనే. అది తప్పు కాదు. విడిభాగాలు మా జగ్గయ్యపేట లారీ షెడ్లలో కూడా దొరుకుతాయి. కాని దాన్ని చల్లబరిచే ఏర్పాటేమిటో అడగాలి. ఉప్పునీటిని సూటిగా ఇంజనులోకి తిప్పితే లోపల తినేస్తుంది. మంచినీరు లోపల తిరుగుతూ, ఆ మంచినీటిని సముద్రపు నీరు చల్లబరిచే పద్ధతి మేలు. షాఫ్టు బయటికి పోయే చోట గ్లాండు ఉంటుంది. షాఫ్టు తిరిగేటప్పుడు అక్కడ ఒకటి రెండు చుక్కలు పడడం మంచిదే, ధారగా కారితే కాదు. షాఫ్టుని చేత్తో పైకీ కిందికీ కదిపి చూడాలి. లొడలొడలాడితే బేరింగు పోయినట్టే.

గుర్రాలెన్ని?

"ఎంత పెద్ద ఇంజనైతే అంత వేగం" అనే అపోహ ఉంది. నీటిని చీల్చుకుపోయే పడవ తన అలలో తానే చిక్కుకుంటుందని 19వ శతాబ్దంలో విలియం ఫ్రౌడ్ నమూనాలు లాగి చూపించాడు. నీటిగీత దగ్గర పొడవు అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే సుమారు గరిష్ఠవేగం నాట్లలో వస్తుంది. 25 అడుగులకి 6.7 నాట్లు, అంటే గంటకి 12 కిలోమీటర్ల పైచిలుకు. ఆపైన ఎన్ని గుర్రాలు కట్టినా ఖర్చయ్యేది డీజిలే.

డీజిలు లెక్క కూడా నోటిమీద కట్టవచ్చు. ఒక హార్స్ పవరుకి గంటకి సుమారు 0.2 లీటరు. 40 హార్స్ పవర్ ఇంజనుని 70 శాతం లోడు మీద నడిపితే గంటకి 5.6 లీటర్లు, 8 గంటల వేటకి సుమారు 45 లీటర్లు. దీనికి మంచు, గాలాలు, కలాసీల భాగం కలిపి, ఆ మొత్తానికి ఎన్ని కిలోల వంజరం అమ్మాలో చూసుకోవాలి. అడిగిన ధరకి మొదటి ఏడాది మరమ్మతు కలిపితేనే అసలు ధర.

నిలకడ

పడవని నిలవనీటిలో ఒక పక్కకి ఊపి వదిలి, పది ఊపులకి ఎన్ని సెకండ్లో లెక్కపెట్టండి. అదే పరిమాణం పడవల్తో పోల్చితే మరీ తాపీగా, బద్ధకంగా ఊగేది మంచిది కాదు. ఊపుకాలం పెరిగితే మెటాసెంటర్ ఎత్తు తగ్గిందని అర్థం. పైన గది కట్టి, దానిమీద ట్యాంకు పెట్టిన పడవలకి ఈ జబ్బు వస్తుంది. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర అనుమతి లేని ప్రైవేటు పడవ తిరగబడి ఇరవైమందికి పైగా పోయారు. నందిగామ నుంచి విజయవాడ వెళ్ళే దారిలోనే ఆ ఘాటు ఉంది. అటు వెళ్ళినప్పుడల్లా నాకు నిలకడ పాఠం గుర్తుకొస్తుంది.

కాగితాలు

రిజిస్ట్రేషన్, లైసెన్సు ఎవరి పేరున ఉన్నాయి? కాగితంలోని ఇంజను నంబరు, దిమ్మ మీది నంబరు ఒకటేనా? బ్యాంకు బాకీ తీరిందా? సబ్సిడీ మీద తీసుకున్నదైతే అమ్మడానికి మత్స్యశాఖ అనుమతి ఉందా? సముద్రంలో వేటకి రాష్ట్రంలో 1994 నాటి చట్టం, నదుల్లో తిరిగే మరపడవలకి 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం ఉన్నాయి. చేపల పడవ కాగితం చూపించి మనుషుల్ని దాటించడం ఎన్నటికీ కూడదు.

లంగరు, మోకుల్ని కూడా పడవలో భాగంగానే లెక్కించాలి. 2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణకి 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చినప్పుడు పడవలు కొన్ని కట్లు తెంచుకుని ప్రకాశం బ్యారేజి గేట్ల మీద పడ్డాయి. వాటిని తీయడానికి రోజులు పట్టింది. కట్టు సరిగా లేని పడవ సొంతదారుకే కాదు, ఊరందరికీ అపాయం.

ముగింపు

మావాళ్ళు చివరికి రెండో పడవ కొన్నారు. దానికి రంగు వెలిసిపోయింది, అందం లేదు. కాని సరంగు తెల్లవారుజామున మా ఎదుటే చల్లటి ఇంజను తిప్పాడు, ప్రతి మూతా తనే తీసి చూపించాడు. జింకు దిమ్మ సగం కరిగి ఉంది. షాఫ్టు బేరింగు అరిగిందని మేం చూడకముందే చెప్పాడు. ఆ బేరింగు ఖర్చు ధరలో తగ్గించుకుని కాగితాలు మార్పించుకున్నాం. మొదటి ఏడాదిలోనే ఒకరి బంగారం ఇంటికొచ్చింది, ఇంకా ముగ్గురిది రావాలి.

విద్యార్థి మిత్రులకి నా మనవి ఒక్కటే. మీ ఊళ్ళో ఎవరైనా పాత పడవో, ట్రాక్టరో, మోటారో కొంటుంటే తోడు వెళ్ళండి. మీరు పరీక్ష కోసం చదివిన సాంద్రత, పొటెన్షియల్, వర్గమూలం అక్కడ ఒక కుటుంబం అప్పుని ఆపగలవు. వెళ్ళేటప్పుడు ఒక చిన్న సుత్తి, ఒక టార్చిలైటు, చెయ్యి తుడుచుకోవడానికి పాతగుడ్డ పట్టుకెళ్ళండి. తెల్లవారకముందే చేరుకోండి.