తోడికోడలి గుమ్మం

చెల్లీ, ఇలా వచ్చి కూర్చో. నాలుగు రోజులుగా ఒక మాట లోపలే తిరుగుతోంది.

మన యలమంచిలి గుడిలో చిన్నప్పటి నుంచీ విన్నదే కదా: ఆదాము హవ్వల తప్పుతో మనిషి స్వభావమే చెడింది, మన బలంతో బయటపడలేం, క్రీస్తు కృపే దిక్కు. జన్మపాపం అన్న ఆ మాటను అయిదో శతాబ్దంలో అగస్టీను గట్టిగా నిలబెట్టాడు. మన బాప్టిస్టులు పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వకపోయినా, స్వభావం పాపం వైపే వాలి ఉంటుందని నమ్ముతాం.

కానీ అదే కథను వేరేగా చదివేవాళ్లూ ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, మనలాగే బాప్టిస్టు చర్చికి వెళ్లిన మాదిగ కుటుంబాలు కొన్ని యూదుల ఆచారం పట్టాయి. బెనె ఎఫ్రాయిమ్ అంటారు వాళ్లను. షముయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ములు ముందు నడిచారు. 1990ల మొదట్లో సినగాగు కట్టుకున్నారు. మతం మారామనరు, పూర్వీకుల మతానికి తిరిగొచ్చామంటారు.

ఆదికాండం మనదీ వాళ్లదీ ఒకటే. చదివే తీరు మాత్రం వేరు. బిడ్డ నిర్మలంగానే పుడుతుందంటారు యూదు గురువులు. మనిషిలో రెండు ప్రేరణలుంటాయట, మంచికి లాగేది యేట్సెర్ హతోవ్, చెడుకు లాగేది యేట్సెర్ హరా. ఆ రెండోది లేకపోతే ఎవరూ ఇల్లు కట్టరు, పెళ్లాడరు, పిల్లల్ని కనరు అన్నారు. ఎంత ఇంటిమనిషి మాటో చూడు!

మనం మారుమనస్సు అంటాం. వాళ్ల మాట తెషువా, అంటే తిరిగి రావడం. ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్ నాడు ఇరవై అయిదు గంటలు ఉపవాసముంటారు. దేవుడి పట్ల చేసిన తప్పులు ఆ రోజుతో తీరతాయి. సాటి మనిషికి చేసినవి మాత్రం ఆ మనిషిని సమాధానపరిచేదాకా తీరవని యూదుల ధర్మగ్రంథం మిష్నా చెబుతుంది.

ఇక్కడే నా గుండె ఆగింది. మామిడిచెట్టు పంపకాల్లో తోడికోడల్ని అనరాని మాటన్నాను. మూడేళ్లుగా దేవుణ్ణి క్షమాపణ అడుగుతూనే ఉన్నాను, ఆవిడ గుమ్మం తొక్కలేదు. అర్పణ బలిపీఠం దగ్గరే వదిలి ముందు సోదరుడితో సమాధానపడమని యేసు మత్తయి అయిదులో చెప్పాడు. ఆయనా యూదుడే! చదువుతూనే దాటిపోయాను.

మంగళవారం వెళ్లాను. ఆవిడ వెంటనే లోపలికి రమ్మనలేదు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. నీకూ అలాంటి గుమ్మం ఒకటుంటే, ఆదివారం దాకా ఆగకమ్మా.