గోళ్ళరంగు పని: ఒక లాభనష్టముల లెక్క

పాఠశాల వార్షిక సంచికలో గోళ్ళకు రంగు వేయు పనిని గూర్చి వ్యాసమా యని కొందరు పెద్దలు ముక్కున వేలు వేసికొనవచ్చును. కాని చదువు ముగించిన ఆడపిల్లలలో కొందరు ఇంటి ముందుగదిలో ఒక అద్దము, ఒక కుర్చీ వేసికొని బ్యూటీ పార్లరు నడుపుకొనుచున్నారు. పారిశ్రామిక శిక్షణ సంస్థలలో ఈ విద్యను ఒక సంవత్సరపు పాఠ్యక్రమముగా నేర్పుచున్నారు. కొలువులు దూరమైన మన సీమలో, ఇల్లు విడువకుండ చేతిలో నాలుగు రూపాయలు ఆడుటకు ఇది ఒక దారి. తరగతిలో మేము లాభనష్టముల లెక్కలు చెప్పునపుడు "ఒక వర్తకుడు" అని మొదలుపెట్టుదుము. ఆ వర్తకుడు ఎవ్వరో పిల్లలకు తెలియదు. అతని స్థానమున మన యింటి పిల్లనే నిలిపి ఒక లెక్క చేసి చూపిన, తల్లిదండ్రులకు పనికివచ్చునని తలచితిమి.

లెక్క యిది. అంకిసలో ఒక అమ్మాయి పార్లరు నడుపుచున్నదనుకొందము. కనుబొమలు దిద్దును. మానిక్యూర్ చేయును, అనగా చేతులను గోరువెచ్చని నీటిలో నాననిచ్చి, గోళ్ళు శుభ్రపరచి, కత్తిరించి, అరగదీసి, మామూలు రంగు వేయును. వరంగల్లు, హైదరాబాదు వెళ్ళివచ్చిన యువతులు "జెల్ పాలిష్ వేయుదువా?" యని అడుగుచున్నారు. దానికి దీపపు పెట్టె కొనవలెను, రంగులు కొనవలెను, పని నేర్చుకొనవలెను. ఆమె ఈ కొత్త పనిని పెట్టుకొనవలెనా, వలదా?

ముందు వస్తువేదో తెలిసికొందము. గోళ్ళ అలంకారము మనకు కొత్త కాదు. ఆషాఢమాసములో గోరింటాకు నూరి పెట్టుకొనని ఆడపిల్ల మన యిండ్లలో అరుదు. గోరింటాకులోని లాసోన్ అను వర్ణద్రవ్యము గోటిలోని కెరాటిన్‌తో కలిసిపోవును. దానిని తీయు పనియే లేదు, గోరు పెరిగిన కొలది ముందుకు జరిగి పోవును. మామూలు నెయిల్ పాలిష్ వేరు. అది నైట్రోసెల్యులోజు అను పదార్థమును ద్రావకములలో కరగించి చేసినది. ద్రావకము గాలిలో ఆవిరైపోగా రంగుపొర మిగులును. మోటారుకార్ల రంగులకు ఇది చుట్టమే. జెల్ పాలిష్ ఆవిరియై ఆరదు. దానిలో మెథాక్రిలేటు జాతి పదార్థములుండును. అతినీలలోహిత కాంతి తగిలినంతనే అవి ఒకదానినొకటి పట్టుకొని గట్టిపడును. అందుకే దీపపు పెట్టె. పొర గట్టిది, మెరుపు చెడదు, రెండు మూడు వారములు నిలుచును. కాని దానిని తీయవలెనన్న అసిటోనులో తడిపిన దూదిని ఒక్కొక్క గోటికి చుట్టి పది పదిహేను నిమిషములుంచి, మెల్లగా గీకవలెను. ఈ తీయు పనియే మన లెక్కకు ఆయువుపట్టు.

ఇక అంకెలు. ఇవి మేము లెక్కకై ఊహించినవి. ఎవరి అంకెలు వారు వేసికొనవచ్చును. కనుబొమలు దిద్దుటకు 10 నిమిషములు, 40 రూపాయలు; దారము ఖర్చు లెక్కలోనికి రాదు. గంటకు ఆరుగురు వచ్చిన 240 రూపాయలు. మామూలు మానిక్యూర్‌కు 40 నిమిషములు, 150 రూపాయలు; సరకుల ఖర్చు 20 పోగా 130, అనగా గంటకు 195 రూపాయలు. జెల్ పనికి 400 రూపాయలు పుచ్చుకొని, సరకులకు 80 పోగా 320 మిగులుననుకొందము. ఒక్క మనిషి వలన 320 రూపాయలు! ఎవరికైనను ఆశ పుట్టును.

అయితే ఆ పనికి 75 నిమిషములు పట్టును. మూడు వారముల పిదప ఆమెయే వచ్చి "తీసిపెట్టుము" అనును. వేసినవారే తీయవలెనని లోకము తలచును. దానికి వేరుగ డబ్బు అడిగిన మొగము ముడుచుకొందురు. తీయుటకు 25 నిమిషములు. మొత్తము 100 నిమిషములకు 320 రూపాయలు, అనగా గంటకు 192 రూపాయలు. మామూలు మానిక్యూర్ కంటె మూడు రూపాయలు తక్కువ. కనుబొమల పని కంటె 48 రూపాయలు తక్కువ. తీయుటకు 100 రూపాయలు తీసికొని, అసిటోనుకు 15 పోయిన, 100 నిమిషములకు 405, అనగా గంటకు 243 రూపాయలు. తీయు పనికి వెల కట్టితిమా లేదా అను ఒక్క విషయముపై లెక్క ఇటునుండి అటు తిరిగిపోయినది. పిల్లలకు మేము చెప్పునది కూడ ఇదియే: వస్తువు అమ్మువాడు వస్తువుకు లాభము చూచుకొనును, చేతిపని అమ్మువాడు గంటకు చూచుకొనవలెను.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. పల్లెటూరి పార్లరులో ఆరుగురు వరుసగ కూర్చుండి యుందురా? పగలంతయు ఖాళీ కుర్చీయే గదా? నిజమే. ఖాళీగ నున్న గంటలో 192 వచ్చినను లాభమే, ఎందుకనగా దానికి ఎదురుగ నున్నది సున్న. అయితే జెల్ కావలెనని వచ్చువారు ఎప్పుడు వత్తురు? పెండ్లికి ముందునాడు వత్తురు. ఆనాడే పెండ్లికూతురి చెల్లెండ్రు, వదినెలు, మేనత్తలు కనుబొమలకై గుమ్మములో నిలబడి యుందురు. ఒక్కతెకు జెల్ వేయు 75 నిమిషములలో ఏడుగురు వెనుకకు పోదురు. 280 రూపాయలు పోవుటయే కాదు, ఆ ఏడుగురు మరల ఈ గుమ్మము ఎక్కుదురో లేదో. తీరిక ఉన్ననాడు గిరాకి లేదు, గిరాకి ఉన్ననాడు తీరిక లేదు. పట్టణములలో నలుగురు పనివారున్న పార్లరుకు ఈ చిక్కు లేదు. ఒంటి చేతి పార్లరుకు ఇదే అసలు చిక్కు.

మన సీమ సంవత్సరచక్రమును కూడ చూడవలెను. పత్తి తీత, మిరపకోత, వేసవిలో తునికాకు: చేతికి రొక్కము వచ్చు కాలములివియే, గోళ్ళు పాడగు కాలములును ఇవియే. మిరపకాయ తెంపు చేతికి రెండు వారముల మెరుపు నిలువదు. వానకారు నాట్లలో బురదనీటిలో దినమంతయు నుండు చేతికి జెల్ పొర అంచు లేచిన, దాని క్రింద తడి నిలిచి సూక్ష్మజీవులు చేరి గోరు ఆకుపచ్చగ మారవచ్చును. ఆషాఢములో పెండ్లిండ్లు లేవు. గోరింటాకు ఖర్చు లేకుండ దొరకును. ఇక చేతితో అన్నము కలుపుకొని తినువారము. లేతరంగు జెల్ పసుపు పట్టి మాసిన బట్టవలె కనబడును. ముదురు ఎరుపు మన వంటయింటికి సరిపడు రంగు. ఈ సంగతి సరకులమ్ము వర్తకుడు చెప్పడు.

పెట్టుబడికి వత్తము. దీపపు పెట్టె, ఆరు రంగులు, అడుగు పూత, పై పూత, తొడుగులు, నేర్చుకొనుటకైన రుసుము, బస్సు చార్జీలు అన్నియు కలిపి 8,000 రూపాయలనుకొందము. ఒక్కొక్క పనికి 320 చొప్పున 25 పనులైన పెట్టుబడి తిరిగి వచ్చును. నెలకు ఇద్దరు వచ్చినచో పండ్రెండు నెలలు దాటును. ఇంతలో తెరచిన సీసాకు ఆయుష్షు తీరవచ్చును. సీసాపై తెరచిన మూతగల చిన్న డబ్బా బొమ్మలో 12 లేక 24 అని నెలల సంఖ్య వేసి యుండును. ఆ సంఖ్యకును, పెట్టుబడి తిరిగివచ్చు నెలలకును పోల్చి చూచిన పిదపనే కొనవలెను. విద్యుత్తును గూర్చి భయము వలదు. 48 వాట్ల దీపము ఒక మనిషికి 8 నిమిషములు వెలిగిన ఒక్క యూనిట్‌తో 150 మందికి మించి పని జరుగును. కరెంటు పోయిన మాత్రము సగము పని నిలిచిపోవును. మరి యొకటి: గుమ్మము దగ్గర ఎండవెలుతురులో కూర్చుండి మామూలు రంగు వేయుట మనవారి అలవాటు. జెల్ సీసాను అట్లు తెరచి పెట్టిన, ఎండలోని అతినీలలోహిత కాంతికే కుంచెపైన గట్టిపడిపోవును.

ఇంతవరకు రూపాయల లెక్క. రూపాయలలోనికి రాని లెక్క ఇంకొకటి కలదు. అది పనిచేయు పిల్ల చేతులది. గట్టిపడని జెల్ చర్మమునకు పదే పదే తగిలిన కొందరికి అలర్జీ పుట్టును: వ్రేళ్ళ కొనలు ఎఱ్ఱబడి, పగిలి, దురద పెట్టును, ఆ వ్రేళ్ళతో కన్ను తుడుచుకొనిన కనురెప్పలు వాచును. ఒకసారి పుట్టిన ఈ అలర్జీ సాధారణముగ జన్మాంతము విడువదు. ఇదే జాతి పదార్థములు పంటికి నింపు సిమెంటులోను, ఎముకల శస్త్రచికిత్సలోను వాడుదురు గనుక, తరువాత అక్కడ కూడ ఇబ్బంది కలుగవచ్చును. బ్రిటనులోని చర్మవైద్యుల సంఘము 2018లో ఈ విషయమై హెచ్చరించినది. వీనిలో ముఖ్యమైన హెమా అను పదార్థము గల గోళ్ళ రంగులను వృత్తి పనివారే వాడవలెనని, అలర్జీ కలుగవచ్చునని సీసాపై వ్రాయవలెనని ఐరోపా సమాఖ్య 2020లో నిబంధన చేసినది. కాంతికి జెల్ గట్టిపడుటకై కలుపు టీపీవో అను పదార్థమును 2025 సెప్టెంబరు 1 నుండి అక్కడ సౌందర్యసాధనములలో నిషేధించినారు. దీపపు కాంతిని గూర్చి 2023లో ప్రకటితమైన ఒక అమెరికా పరిశోధనలో, గాజుపాత్రలలో పెంచిన జీవకణములు 20 నిమిషముల కాంతికి నూటికి 20 నుండి 30 వరకు చనిపోయినవి. అది పాత్రలోని కణముల సంగతియే కాని మనుష్యుల చేతుల సంగతి కాదు. అయినను వ్రేళ్ళ కొనలు మాత్రము తెరచియున్న తొడుగు వేసి చేతిని పెట్టెలో పెట్టించుట కష్టమేమి?

పనిచేయునామె నైట్రైల్ తొడుగులు వేసికొనవలెను, ఒక్కొక్కరికి మార్చవలెను. ఈ పదార్థములు పలుచని తొడుగులో నుండి కొద్ది నిమిషములలోనే దిగగలవు. గోరు చుట్టునున్న చర్మమునకు జెల్ అంటనీయరాదు. అసిటోను దీపమునకు, పొయ్యికి దూరముగ నుండవలెను. దాని ఆవిరి చల్లని దినమునకూడ అంటుకొనును. పార్లరు ముందుగదిలో, పొయ్యి వెనుకగదిలో నుండు మన యిండ్లలో ఈ మాట తేలికగ తీసికొన వలదు.

సీసాపై నుండు హెచ్చరికలు తరచు ఇంగ్లీషులో, చీమతలకాయలంత అక్షరములలో నుండును. తెలుగులో నుండవు, మరాఠీలోను నుండవు. ఇంట బడికి వచ్చు పిల్లలున్నారు. ఆ సీసా వారి చేతికిచ్చి చదివింపుడు. హెమా, టీపీవో అను పేర్లు ఉన్నవేమో వెదకుమనుడు. ఇంగ్లీషు పాఠము ఎందుకని అడుగు పిల్లవానికి మేము ఇంతకంటె మంచి సమాధానము చెప్పలేము. పేరు, తయారైన తేది లేని సీసా ఎంత చవుకగ వచ్చినను కొనరాదు.

మా అభిప్రాయమును దాచుకొనము. ఒంటి చేతి పార్లరు మొదట మామూలు మానిక్యూర్‌నే శుభ్రముగ, ఒకరికి వాడిన పనిముట్లు సబ్బుతో కడిగి, మరగించి మరియొకరికి వాడునట్లు చేసి పేరు తెచ్చుకొనవలెను. ఆపైన, పాత ఖాతాదారులలో పదిమందిని అడిగి, కొంత రొక్కము ముందుగ నిచ్చువారు ఎందరో చూడవలెను. మాటతో "వేయించుకొందుము" అనువారు వేరు, నూరు రూపాయలు చేతిలో పెట్టువారు వేరు. ఇచ్చువారు అయిదుగురికి తక్కువైన, దీపపు పెట్టె ఈ యేటికి వలదు. పెట్టుకొనిన యెడల రెండు రంగులతో మొదలుపెట్టి, పెండ్లికూతురికి మాత్రము, అదియును మూడు దినముల ముందు, మధ్యాహ్నపు తీరిక వేళలో వేయవలెను. పెండ్లి ముందునాడు అడిగిన, మామూలు రంగే వేయుదుమని చెప్పవలెను. బడిపిల్లలకు వేయనే రాదు. ఈ మాట ప్రధానోపాధ్యాయులుగా మాత్రమే చెప్పుట లేదు, పెరుగుచున్న గోటిని గీకు పని మంచిది కాదు గనుక చెప్పుచున్నాము. నర్సులకు, దాయీలకు కూడ వలదు. రోగులను తాకువారు కృత్రిమపు గోళ్ళు పెట్టుకొనరాదని, గోళ్ళు పొట్టిగ నుంచుకొనవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో సూచించినది.

నెలలు నిండుచున్న గర్భవతి అడిగిన ఎంతటి గిరాకి అయినను వదలుకొనవలెను. ఆసుపత్రిలో వ్రేలికి తగిలించి రక్తములోని ప్రాణవాయువును కొలుచు చిన్న యంత్రమునకు ముదురు రంగు అడ్డు రావచ్చును. మామూలు రంగైన నిమిషములో తుడిచివేయవచ్చును. జెల్ అట్లు పోదు. జిల్లా కేంద్రమగు గడ్చిరోలి మనకు సుమారు 200 కిలోమీటర్లు. నడిరేయి బండి ఎక్కు వేళ అసిటోను ఎవరి చేతిలో నుండును?

వెలల పలకపై జెల్ రంగునకు ఒకే వెల వ్రాయవలెను: 500 రూపాయలు, తీయుటతో సహా. తెలుగులోను, మరాఠీలోను వ్రాయవలెను. ప్రక్కన ఒక నోటుపుస్తకములో వేసిన తేది, తీయవలసిన తేది, ఆనాడు పట్టిన నిమిషములు గుర్తించుకొనవలెను. ఆరు నెలల పిదప ఆ పుస్తకము బడికి తెచ్చినచో, ఊహించిన మా అంకెలను తీసివేసి నిజపు అంకెలతో ఈ లెక్కను పదవ తరగతి పిల్లల చేత మరల చేయింతుము.