సున్నం గోడ ముందు నలభై ఏళ్లు

బెంగళూరులో డిజైను చదివే మా మనవరాలు ఫోన్ చేసి, "తాతా, లైమ్ అనే మాట మీద పది ఫోటోలు తీసియ్యమన్నారు, ఏం తీయాల?" అని అడిగింది. ఇంగ్లీషులో ఆ ఒక్క మాటలోనే సున్నమూ ఉంది, నిమ్మకాయా ఉంది, ఒక పచ్చరంగూ ఉంది. మనకు దేని మాట దానికుంది. మా రూపనగుడిలో పక్కింటి కన్నడంవాళ్లకైనా సుణ్ణ వేరే, నింబె వేరే. పెళ్లిళ్లు, పేరంటాలు తీసి బతికినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది ఎక్కువగా సున్నమే. ఫోన్లో చెబితే మర్చిపోతుందని రాసి పంపిస్తున్నా.

1. కొత్త సున్నం గోడ ముందు మీటరు మాట నమ్మొద్దు.

పెళ్లికి ముందు ఇల్లంతా సున్నం కొట్టి, కింద జాజు పట్టె తీర్చడం మా వైపు రివాజు. ఆ తెల్లగోడకే జంటను ఆనించి నిలబెట్టి "తియ్యి సామీ" అంటారు. నేను తీసిన మొదటి పెళ్లికి చేతిలో ఉన్నది యాషికా మ్యాట్ 124జి. ముల్లు చూపించినట్టే పెట్టి, పన్నెండు ఫోటోల రీలు ముగించినా. కడిగి చూస్తే గోడ బూడిదరంగు, పెళ్లికూతురి మొహం నల్లమచ్చ. వాళ్ల నాయన ఆల్బం రెండుసార్లు తిరగేసి, "మా పాప ఇట్లుందా?" అని మాత్రం అన్నాడు. డబ్బులు ఇయ్యలేదు, నేనూ అడగలేదు.

మీటరుకు తెలుపూ నలుపూ తెలియవు. ఎదురుగా ఏముంటే దాన్ని నడిమిరకం బూడిదరంగు అనుకుంటుంది. సున్నం గోడను చూసి వెలుగు ఎక్కువైందని తగ్గించేస్తుంది. ఫ్రేము నిండా గోడే ఉంటే ఒకటిన్నర, రెండు స్టాపులు ఎక్కువ ఇయ్యి. లేదా దగ్గరికి పోయి మొహం మీద కొలువు. నీ సెల్‌ఫోనుకూ ఇదే జబ్బు, మొహం మీద వేలుపెట్టి నొక్కు. అదే గోడ మనిషికి పక్కనుంటే మాత్రం దానంత మంచి దీపం ఇంకోటి లేదు. బళ్లారి ఎండను కూడా మెత్తగా చేసి చెంప మీద పోస్తుంది.

2. కొట్టిన రోజే తీయొద్దు.

తడి సున్నం గోడ మీద మబ్బుగా, పాత రంగు కనబడేట్టు ఉంటుంది. "ఇదేం సున్నమయ్యా" అని కొత్తవాళ్లు కూలీలతో కొట్లాడతారు. ఆరేకొద్దీ తెలుపు పైకి తేలుతుంది. ఎందుకంటే సున్నం ఆరడమంటే బట్ట ఆరడం కాదు. బట్టీలో సున్నపురాయిని 900 డిగ్రీల దాకా కాలిస్తే అందులోని బొగ్గుపులుసు గాలి ఎగిరిపోతుంది. నూరు కిలోల మంచి రాయికి 56 కిలోలే మిగులుతుంది. ఆ సున్నాన్ని నీళ్లలో చంపి గోడకెక్కిస్తే, పోయిన గాలినే మెల్లగా మళ్లీ పీల్చుకుని రాయవుతుంది. గోడ మీది పూత నిజానికి ఒక పలచటి రాతిపొర. అది రాయి అయ్యేదాకా ఓపిక పట్టు.

తీయదలిస్తే సున్నం చంపేటప్పుడు తియ్యి. పాతకుండలో గడ్డలేసి నీళ్లు పోస్తే ముందు ఏమీ కాదు. కాసేపటికి గడ్డ చిటుక్కుమని పగులుతుంది, తర్వాత కుండంతా కుతకుతమని ఉడుకుతుంది, కింద మంట లేకుండానే. ఆవిరిని వెలుగుకు ఎదురుగా నిలబడి తీస్తేనే కనిపిస్తుంది. దూరంగా ఉండు, ఒకసారి ఒక చుక్క ఎగిరి నా ఫిల్టరు మీద పడింది, ఆ గుడ్డి మచ్చ ఇప్పటికీ పోలేదు. కంట్లో పడుంటే ఈ ఉత్తరం ఉండేది కాదు.

3. పసుపులో సున్నం కలిస్తే ఎరుపు.

దిష్టినీళ్లు చూసే ఉంటావు, కుంకుమ ఎరుపూ అట్లా వచ్చిందే. ఆ ఎరుపు నలుపుతెలుపు ఫిలింలో ఏమవుతుందో మా మేనత్త నేర్పింది. ఏకశిలలా ఉండే బళ్లారి గుట్ట మీద మబ్బులు బాగా రావాలని ఎర్ర ఫిల్టరు బిగించి, ముందు ఆమెను నిలబెట్టినా. మబ్బులు అద్భుతం. ఆమె నుదుట బొట్టు మాయం. ఎర్ర ఫిల్టరు ఎరుపును తెల్లగా చేస్తుందని చదువుకున్న మాటే, మర్చిపోయినా. ముత్తైదువ ఫోటో అట్లా తెచ్చిస్తే ఎన్ని తిట్లు తినాలో నువ్వే ఊహించుకో.

4. హంపీకి పోతే యాభై నోటు వెంట పెట్టుకుని పో.

నోటు వెనక ఉన్న రాతిరథం విఠ్ఠల గుడి ముందరిది. 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే కుంఫిణీ సైనికాధికారి పెద్ద పెద్ద కాగితపు నెగటివ్‌ల మీద హంపీని ఫోటోలు తీశాడు. ఆయన తీసిన రథం మీద, ఈ నోటు మీద లేనిదొకటి ఉంది: ఇటుకలతో కట్టిన శిఖరం. ఇప్పుడు పోయి చూస్తే రాయి ఉంది, శిఖరం లేదు.

నేను ఆ ఫోటో ప్రతిని మొదటిసారి అచ్చులో చూసి చాలాసేపు పేజీ తిప్పలేదు. అంతకుముందు ఎన్నిసార్లు ఆ రథాన్ని తీసినానో, ఒక్కసారి కూడా పైన ఏదో ఉండాలనే అనుమానం రాలేదు. హంపీ అంటే రాయి అని మనం అలవాటు పడ్డాం. అక్కడి గోపురాలకు కింద రాయి, పైన ఇటుక, ఇటుక మీద సున్నపు గచ్చుబొమ్మలు. గచ్చు రాలితే ఇటుకలోకి వాన దిగుతుంది, సందుల్లో రావిమొక్క లేస్తుంది, మిగతాది వేరు చూసుకుంటుంది. 1980లలో జాన్ గోలింగ్స్ అనే ఆస్ట్రేలియా ఫోటోగ్రాఫరు గ్రీన్‌లా నిలబడిన చోట్లనే మళ్లీ నిలబడి తీశాడు. ఆ రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుని చూడు. అప్పటిదాకా హంపీలో సెల్ఫీ తీసుకోవద్దు. (తీసుకుంటావులే.)

5. లైమ్‌లైటు అంటే ఉత్త మాట కాదు.

ఆక్సిజన్, హైడ్రోజన్ కలిపిన మంటను సున్నపు ముద్ద మీదికి పెడితే కళ్లు చెదిరే వెలుగొస్తుంది. 1837లో లండన్ కోవెంట్ గార్డెన్ నాటకశాలలో ఆ దీపం వాడారు. గాజుపలకల మీది బొమ్మలను తెరకెత్తించే లాంతర్లలోనూ అదే. కరెంటు దీపాలొచ్చాక సున్నం పోయి మాట మిగిలింది. నాటకాల బళ్లారి రాఘవ బతికిన ఊరి పక్కన ఉండి ఈ సంగతి నీకు తెలియకపోతే బాగుండదు.

6. ఫిలింలోనూ సున్నముంది.

వెండి ఉప్పును పట్టి ఉంచే జెలటిన్‌ను పశువుల ఎముకలు, తోళ్ల నుంచి తీస్తారు. వాటిని ముందు వారాల తరబడి సున్నపు నీళ్లలో నానబెడతారు. మడి కట్టుకుని వంట చేసే ఇళ్లలో దేవుడి గూటి పక్కనే వేలాడే ఫోటోల సంగతి ఇది. నేను ఎవరికీ చెప్పలేదు, వ్యాపారం కదా.

7. నిమ్మకాయ సులువు.

అడ్డంగా కోసి, పలచటి చక్రం కిటికీకి ఎదురుగా పట్టుకుని తియ్యి. కొత్త లారీ చక్రాల కింద నలిగినదైతే ఇంకా మేలు. ఒక్క జాగ్రత్త: మీ లైమ్ గ్రీన్ చిలకపచ్చకు దగ్గర, మన "నిమ్మపండు రంగు చీర" అంటే పసుపు. ఫోటో కింద పేరు రాసేటప్పుడు చూసుకో.

8. ఇది నీకోసమే దాచినా.

మన పాత ఇంటి పడసాలలో మూడో స్తంభం. మా జేజి దాన్నానుకుని కూర్చుని ఆకువక్క వేసుకునేది. ఆకుకు సున్నం రాసి, వేలికి మిగిలింది స్తంభానికి పూసేది. అట్లా ఎన్నేళ్లో. ఆమె కూర్చుంటే చెయ్యి అందేంత ఎత్తులో, వేలెడు పొడుగు తెల్లగీతలు ఒకదాని మీదొకటి గట్టిపడి, చెక్క మీద రాయిలా లేచి ఉన్నాయి. నేను ఊరి గోడలన్నీ తీసినా గానీ దాన్ని తీయలేదు, ఎదురుగానే ఉంది కదా అని. ఉగాదికి స్తంభాలు గీకి పెయింటు కొట్టిస్తానని మీ నాయన అంటున్నాడు. పొద్దున ఏడున్నరకు తూర్పు వాకిలి నుంచి పక్క వెలుతురు పడుతుంది, పావుగంటే ఉంటుంది. ముందురోజు రాత్రికే వచ్చేయ్.